చుక్కలు పెట్టి ఇవ్వండి



చేతికందే దూరంలో కాగితం, పెన్సిలు ఉంటే దగ్గర పెట్టుకోండి. వంటింట్లో ఉన్నవాళ్లకు పాత క్యాలెండరు కాగితం వెనకవైపు చాలు. బండి మీద వెళ్తూ వింటున్నవాళ్లు మాత్రం ఊరికే వినండి. లెక్క ఎక్కడికీ పోదు, ఇంటికి వెళ్లాక చేసుకోవచ్చు.

ఏదైనా ఒక నాలుగంకెల సంఖ్య రాయండి. మీరు పుట్టిన సంవత్సరం కావచ్చు, బండి నంబరు కావచ్చు. నాలుగూ ఒకే అంకె మాత్రం కాకూడదు, 2222 లాంటిది వద్దు. రాశారా? ఇప్పుడు ఆ నాలుగంకెల్నీ పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా పేర్చండి. అదొక సంఖ్య. వాటినే తిరగేసి, చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చండి. అది రెండో సంఖ్య. మొదటిదాంట్లోంచి రెండోది తీసెయ్యండి. ఎంత వచ్చిందో దానితో మళ్లీ ఇదే పని చెయ్యండి. సున్నా వస్తే వదిలెయ్యకండి, దాన్నీ ఒక అంకెగానే చూడండి.

మీరు మీ సంఖ్యతో కుస్తీ పడుతుండగా నేనొకటి చేసి వినిపిస్తాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరం 1956. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేరిస్తే 9651. తిరగేస్తే 1569. తీసివేస్తే 8082. దీన్ని మళ్లీ పేరిస్తే 8820, తిరగేస్తే 0288. తీసివేస్తే 8532. ఇది పెద్ద నుంచి చిన్నకు వరసలోనే ఉంది. తిరగేస్తే 2358. తీసివేస్తే 6174. ఇప్పుడు ఈ 6174 ని కూడా అలాగే చేద్దాం. 7641 లోంచి 1467 తీస్తే... 6174. మళ్లీ చేసినా అదే, ఇంక కదలదు.

1956 మూడు మెట్లలోనే 6174 కు చేరింది. మరి తెలంగాణ ఏర్పడిన 2014? నిదానంగా వినండి. 4210 లోంచి 0124 తీస్తే 4086. అక్కణ్నుంచి 8172, తర్వాత 7443, తర్వాత 3996, తర్వాత 6264, తర్వాత 4176. ఆ తర్వాత, ఏడో మెట్టు మీద, 6174. దారి పొడుగైంది, చేరిన ఊరు మాత్రం అదే. మీరు రాసుకున్న సంఖ్య ఏదైనా సరే అక్కడికే వస్తుంది. ఏడు మెట్లు దాటదు. ఇంకేదైనా వచ్చిందంటే తీసివేతలో ఎక్కడో అప్పు తెచ్చుకోవడం మరిచారన్నమాట.

ఈ సంగతిని కనిపెట్టినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవళాలి అనే ఊళ్లో బడిపంతులు. పేరు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో పుట్టాడు. పూనాలో ఫెర్గూసన్ కాలేజీలో చదివాడు, బీఎస్సీతో చదువు ఆగింది. 1930 నుంచి 1962 దాకా దేవళాలిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన పొద్దంతా అంకెలతో గడిపాడు. 6174 సంగతిని 1949లో మద్రాసులో జరిగిన గణిత సభలో చెప్పాడు. అప్పట్లో మన గణిత పండితుల్లో చాలామంది దాన్ని పిల్లల ఆట కింద కొట్టిపారేశారు. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ అనే ఆయన సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో తన శీర్షికలో కాప్రేకర్ గురించి రాశాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా 6174 కు కాప్రేకర్ స్థిరాంకం అనే పేరు నిలిచింది.

కాప్రేకర్ చేతిలో ఇలాంటివి చాలా ఉండేవి. 45 ని 45 తో గుణిస్తే 2025. దాన్ని మధ్యకి విరిస్తే 20, 25. రెండూ కలిపితే మళ్లీ 45. 55 తో చేసి చూడండి, 3025 వస్తుంది. 30, 25 కలిపితే 55. ఒకసారి బొంబాయి దగ్గర డోంబివిలి రైల్వే స్టేషన్‌లో ఉండగా ఆయనకు ఇంకో సంఖ్యల వరస తట్టింది. ఆ స్టేషన్ పాత పేరు డెమ్లో. అందుకని వాటికి డెమ్లో సంఖ్యలని పేరు పెట్టుకున్నాడు. 11 ని 11 తో గుణిస్తే 121. 111 ని 111 తో గుణిస్తే 12321. 1111 ని దానితోనే గుణిస్తే 1234321. ఎక్కి దిగే సంఖ్యలు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. 6174 విన్నప్పుడు మీకు ఆశ్చర్యం వేసి ఉంటుంది. అది గణితం అందమా, లేక గణితం చేసే గారడీయా? ఈ ప్రశ్న కొత్తది కాదు. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ గణితంలో అందం గురించి 1940లో ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో 8712, 9801 సంఖ్యల్ని ఉదాహరణగా తీసుకున్నాడు. 2178 ని 4 తో గుణిస్తే అంకెలు తిరగబడి 8712 అవుతుంది. 1089 ని 9 తో గుణిస్తే 9801 అవుతుంది. నాలుగంకెల్లో ఇలాంటివి ఈ రెండే. ఇవి పత్రికల్లో పజిళ్ల పేజీకి పనికొస్తాయి గాని, గణితజ్ఞుడి మనసును పట్టుకునేది వీటిలో ఏమీ లేదని ఆయన తీర్పు.

హార్డీ చెప్పినదాంట్లో సగం నాకు ఒప్పుదల. 6174 ఎందుకు వస్తుందంటే, ఇదిగో ఇందుకు అని ఒక్క వాక్యంలో చూపించే కారణం లేదు. నాలుగంకెల సంఖ్యలు పదివేలకు మించవు కాబట్టి, ఓపిగ్గా అన్నీ చేసి చూసి నిజమేనని తేల్చుకోవచ్చు. అది వింత. అందం ఇంకొకటి. ఒక ఫలితం మొదట వింతగా కనిపించి, దాని వెనకున్న కారణం కంటబడిన మరుక్షణం, ఇది ఇలా కాక ఇంకెలా ఉంటుంది అనిపిస్తే, అది అందం.

డెమ్లో సంఖ్యల దగ్గరికే వెళ్దాం. 111 ని 111 తో గుణించేటప్పుడు చిన్నప్పుడు బడిలో చేసినట్టు కాగితం మీద రాయండి. మొదటి వరస 111. దాని కింద ఒక స్థానం ఎడమకు జరిపి 111. దాని కింద ఇంకో స్థానం జరిపి మళ్లీ 111. ఇప్పుడు నిలువుగా కూడండి. కుడి చివర ఒకే ఒకటి. పక్కన రెండు ఒకట్లు. మధ్యలో మూడు. తర్వాత రెండు. ఎడమ చివర ఒకటి. 12321. కూడాల్సిందేమీ లేదు, మెట్లలా పేర్చిన ఒకట్లను లెక్కపెట్టడమే. తొమ్మిది ఒకట్ల దాకా ఈ మెట్లు చెక్కుచెదరవు. పదో ఒకటి చేరితే మధ్యలో పది వస్తుంది, పక్క స్థానానికి ఒకటి ఎక్కుతుంది, వరస చెదురుతుంది. వరస ఎందుకు నిలిచిందో, ఎక్కడ ఎందుకు చెదిరిందో రెండూ ఒక్క చూపులో తెలిసిపోయాయి. ఇదీ నేనంటున్న అందం.

హార్డీతో నేను ఒప్పుకోని సగం ఏమిటంటే, వింత లేకపోతే మామూలు మనిషి పెన్సిలు పట్టుకోడు. 6174 మిమ్మల్ని కాగితం దగ్గరికి తెచ్చింది. తెచ్చాక అక్కడే వదిలేస్తే గారడీ అవుతుంది. అక్కణ్నుంచి "ఎందుకు" దాకా తీసుకుపోతే గణితం అవుతుంది. దానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. మన వాకిట్లోనే ఒక దారి ఉంది.

ధనుర్మాసంలో ఆడపిల్లల ముగ్గుల నోటుపుస్తకం తెరిచి చూడండి. ప్రతి ముగ్గు పక్కనా ఒక లెక్క రాసి ఉంటుంది. "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క." ముగ్గు వేసేవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. మధ్యలో 15 చుక్కల వరస పెడతారు. దాని పైన, చుక్కల సందుల్లోకి వచ్చేలా 14. దాని పైన 13. అలా 8 దాకా. కింద కూడా అలాగే 8 దాకా. ఆరు వైపులున్న నిండైన ఆకారం తయారవుతుంది. మొత్తం ఎన్ని చుక్కలు? కూడి చూస్తే 169.

ఇంత పెద్దది వద్దు, చిన్నవాటితో మొదలుపెడదాం. అన్నిటికన్నా చిన్నది ఒకే చుక్క. తర్వాతది 3 చుక్కలు, 2 వరకు. అంటే 2, 3, 2. మొత్తం 7. ఆ తర్వాతది 5 చుక్కలు, 3 వరకు. 3, 4, 5, 4, 3. మొత్తం 19. ఆ పైది 7 చుక్కలు, 4 వరకు. కూడితే 37.

ఇప్పుడు రాసుకోండి. 1, 7, 19, 37. వీటిని చూడగానే ఏ వరసా కనిపించకపోవచ్చు. కానీ ఒక్కొక్క ముగ్గునూ వేసుకుంటూ పోతూ ఇప్పటిదాకా పెట్టిన చుక్కలన్నీ కూడుతూ రండి. మొదట 1. దానికి 7 కలిపితే 8. దానికి 19 కలిపితే 27. దానికి 37 కలిపితే 64. ఒకటి, ఎనిమిది, ఇరవై ఏడు, అరవై నాలుగు! వీటిని మీరు హైస్కూల్లో ఎరుగుదురు. 1 ఘనం, 2 ఘనం, 3 ఘనం, 4 ఘనం. ఇలాగే 15 చుక్కల ముగ్గు దాకా వస్తే అది ఎనిమిదో ముగ్గు. మొత్తం చుక్కలు 512. అంటే ఎనిమిది ఎనిమిదుల ఎనిమిదులు, 8 ఘనం.

నేల మీద పరిచిన ముగ్గుకీ, పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న ఘనానికీ సంబంధం ఏమిటి? వింత ఇక్కడిదాకా. ఇక కారణం చూద్దాం.

ఇంట్లో పిల్లలు ఆడుకునే రూబిక్ క్యూబ్ ఉందా? లేకపోతే చెక్క దిమ్మలైనా సరే, మూడు వరసలు, మూడు అడ్డాలు, మూడు అంతస్తులు పేర్చండి. మొత్తం 27 చిన్న దిమ్మలు. ఇప్పుడు ఒక మూల సరిగ్గా మీ ముక్కుకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని ఒక కన్ను మూసి చూడండి. మూడు ముఖాలు కనిపిస్తాయి. బయటి అంచు ఎలా ఉంది? ఆరు వైపులుంది, మన సందు చుక్కల ముగ్గులాగే. కనిపించే దిమ్మలు ఎన్ని? కనిపించనివి లెక్కపెట్టడం తేలిక. ముందున్న ఈ మూడు పొరల చాటున దాక్కున్నది రెండు వరసలు, రెండు అడ్డాలు, రెండు అంతస్తుల చిన్న ఘనం. అంటే 8 దిమ్మలు. 27 లోంచి 8 తీస్తే 19. అదే 5 చుక్కల ముగ్గు. కనిపించే ఒక్కొక్క దిమ్మకూ ఒక్కొక్క చుక్క పెడితే ఆ ముగ్గే వస్తుంది.

ఆ 19 దిమ్మల్నీ ఒలిచి పక్కన పెట్టండి. మిగిలిన చిన్న ఘనాన్ని మళ్లీ మూలవైపు నుంచి చూడండి. 7 కనిపిస్తాయి. వాటినీ ఒలిచేస్తే మిగిలేది ఒకే ఒక్క దిమ్మ. 19, 7, 1. ఒక్కొక్క ముగ్గూ ఘనం మీద ఒక్కొక్క పొర. ముగ్గులన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఘనం కాక ఇంకేమవుతుంది? ఇందాక 1, 7, 19, 37 లో కనిపించని వరస ఇప్పుడు దాచినా దాగదు. 15 చుక్కల ముగ్గులో 169 ఎందుకు వచ్చిందో కూడా తేలిపోయింది. 8 ఘనం 512. 7 ఘనం 343. తేడా 169.

ఇది విని, మన పూర్వులు ఘనాల సూత్రం తెలిసే ముగ్గుల్లో దాచిపెట్టారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలా అనాల్సిన అవసరమూ లేదు. ముగ్గుకు ఆ గౌరవం అరువు తెచ్చి పెట్టనక్కర్లేదు. చుక్కల్ని క్రమంగా పేర్చిన ప్రతిచోటా గణితం ఉంటుంది. చూసే కళ్లు కావాలి, అంతే. 1970లలో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు, వాళ్లతో పనిచేసినవాళ్లు, తమిళ ముగ్గుల్ని, అంటే కోలాల్ని, అలాగే చూశారు. ఒక కోలాన్ని ఏ నియమాలతో గీయవచ్చో రాసి, ఆ నియమాల నుంచి కంప్యూటర్ శాస్త్రంలో బొమ్మల వ్యాకరణం అనదగ్గ పరిశోధన చేశారు. వాకిలి నుంచి పరిశోధనశాలకు దారి వేశారు.

ఇక రెండో సంగతి. ఈ అందాన్ని ఒకరి నుంచి ఒకరికి ఎలా అందించాలి?

రేడియోలో లెక్కలేమిటి, నల్లబల్ల లేకుండా అని ఈ ప్రసంగం ఒప్పుకున్నప్పుడు ఒక మిత్రుడు నవ్వాడు. కానీ తెలుగువాళ్లకు గణితం మొదట చేరింది చెవి ద్వారానే. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కాలం వాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. తెలుగులో కావ్యాలే అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. భారతంతో పాటే లెక్కల పుస్తకం కూడా తెలుగులోకి రావాలని ఒకాయనకు తోచిందంటే, ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలి.

ఆ గణితసారసంగ్రహంలో కొన్ని గుణకారాలున్నాయి. మహావీరుడు వాటి ఫలితాల్ని కంఠాభరణాలన్నాడు. 139 ని 109 తో గుణిస్తే 15151. ఎటు నుంచి చదివినా ఒకటే. 12345679 ని, ఇందులో ఎనిమిది లేదు గమనించండి, 9 తో గుణిస్తే వరసగా తొమ్మిది ఒకట్లు. ఇంకొకటుంది. 27994681 ని 441 తో గుణిస్తే 12345654321. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? ఎక్కి దిగే సంఖ్య. డోంబివిలి స్టేషన్‌లో కాప్రేకర్‌కు తట్టిన వరసలోదే, ఆయనకు వెయ్యేళ్లకు పైగా ముందు. లెక్క చేసి ఊరుకోకుండా, దాన్ని ఇంకొకరి మెడలో హారంలా వెయ్యాలనుకున్నాడు చూడండి, అందాన్ని పంచుకోవాలనే కోరిక అంత పాతది.

మల్లన పేరుతో ఇంకో పద్యం ప్రచారంలో ఉంది. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని? 18446744073709551615. ఇరవై అంకెలు. దీన్ని ఒక్కసారి విని గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం? అందుకే ఆ పద్యంలో అంకెలకు బదులు వస్తువులున్నాయి. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదమంటే 4, శరమంటే 5, ఏనుగంటే 8, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ పోవాలి. కాగితం అక్కర్లేదు. పద్యం నోటికొస్తే ఇరవై అంకెలూ నోటికొచ్చినట్టే.

మన కాలానికి దగ్గరగా లక్కోజు సంజీవరాయశర్మ గారున్నారు. 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో తోబుట్టువు బడి పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఊరూరా గణితావధానాలు చేశారు. తేదీ చెబితే వారం చెప్పడం ఆయనకు మంచినీళ్ల ప్రాయం. ఒక సభలో 2 ని 103 సార్లు వేసుకుని గుణిస్తే ఎంత అని అడిగితే, 32 అంకెల జవాబు మనసులోనే కట్టి చెప్పారు. ఫిడేలు కూడా వాయించేవారు. సభలో కూర్చున్న రైతులకు, గుమాస్తాలకు, పిల్లలకు ఆ జవాబు సరిచూసుకునే దారి లేదు. అయినా వచ్చేవారు. లెక్కలో ఏదో అద్భుతం ఉందని జనానికి ఎవరూ పనిగట్టుకుని చెప్పనక్కర్లేదని అప్పుడే రుజువైంది.

మరి అదే జనం పిల్లలు ఇవాళ లెక్కల పుస్తకం చూస్తే ఎందుకు ముడుచుకుపోతున్నారు? పిల్లలకు తెలివి తక్కువై కాదు. మనం వాళ్లకు జవాబు ముందు ఇస్తున్నాం. సూత్రం ముందు, దాని మీద ఇరవై లెక్కలు తర్వాత. పోటీ పరీక్షకు ఒక్కో లెక్కకు నిమిషం కూడా దొరకదు గనక షార్ట్‌కట్ నేర్పిస్తాం. షార్ట్‌కట్‌ను నేను తప్పుపట్టను, పరీక్ష పరీక్షే. కానీ దారి మొత్తం నడిచినవాడికే అడ్డదారి చూస్తే ఆనందం. నడవనివాడికి అది బట్టీ పట్టాల్సిన ఇంకో సూత్రం.

ఉదాహరణకు, బేసి సంఖ్యల్ని వరసగా కూడితే వర్గం వస్తుందని చెబుతాం. 1, 3, 5, 7 కూడితే 16, అంటే 4 వర్గం. చెప్పడానికి అర నిమిషం చాలు. పిల్లవాడు రాసుకుంటాడు, పరీక్షలో రాస్తాడు, ఎండాకాలం సెలవుల్లో మరిచిపోతాడు. అదే పిల్లవాడి ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి, ఒకటి నేల మీద పెట్టి, "దీన్ని రెండు రెళ్ల చదరం చెయ్యాలంటే ఇంకెన్ని కావాలి?" అని అడగండి. మూడు పెడతాడు, ఒకటి పక్కన, ఒకటి కింద, ఒకటి మూలన. "దీన్నిప్పుడు మూడు మూళ్లు చెయ్యి." అయిదు పెడతాడు. "ఇంకొంచెం పెంచు." ఏడు పెట్టబోతూ ఆగి మీ మొహంలోకి చూస్తాడు. ఆ చూపు కోసమే ఈ పని చెయ్యాలి. అప్పుడు మీరు నోరు మూసుకోవాలి. అన్నిటికన్నా కష్టమైంది ఇదే. నేను చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. చెప్పడం కన్నా చెప్పకుండా ఉండటానికే ఎక్కువ అనుభవం కావాలి.

ఎందుకంటే కారణం అనేది చేత్తో అందించే వస్తువు కాదు. నేను చెబితే అది మీకు సమాచారం. మీకు మీరుగా చూస్తే అది మీ సొంతం. ముగ్గుకూ ఘనానికీ ఉన్న సంబంధం ఇవాళ నేను విప్పి చెప్పాను, మీరు విన్నారు. కానీ రేపు దిమ్మలు పేర్చి, కన్ను మూసి చూసుకున్నప్పుడే అది మీదవుతుంది. కాప్రేకర్ చేసిన మేలు కూడా ఇదే. ఆయన ఇచ్చింది 6174 ని కాదు, మన చేతికి ఒక తీసివేత ఇచ్చాడు. ఆ పని చేసి చూసిన ప్రతివాడూ 6174 ని మళ్లీ తనే కనిపెడతాడు. అందుకే అది 1949 నుంచి ఇవాళ్టికీ పాతబడలేదు.

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లకు తెలిసినదాన్ని నాలుగో తరగతి తమ్ముడికి చూపించమనండి. చెప్పొద్దు, చూపించమనండి. పిల్లకు జవాబు తెలుసు, తమ్ముడికి ఓపిక లేదు. వాడి ఓపిక కోసం ఆమె కొత్త దారులు వెతుకుతుంది, ఆ వెతుకులాటలో తనకే ఇంకో కారణం కనబడుతుంది. ముగ్గులు వేసే అమ్మమ్మలకు, నానమ్మలకు చుక్కలు ఎన్నో అడిగి చూడండి. లెక్కలంటే మాకేం తెలుసు అంటారు. అని, వరసలు మనసులోనే కూడుకుని మీకన్నా ముందు చెబుతారు. కాలేజీ చదువుతున్న మనవరాలు ఆ చుక్కల్ని ఘనాలుగా పేర్చి చూపిస్తే, ఇద్దరిలో ఎవరు ఎవరికి నేర్పారో తేల్చడం కష్టం.

సమయం అయిపోతోంది. వెళ్లే ముందు ఒక లెక్క ఇస్తాను. దీనికి జవాబు నేను చెప్పను.

ఇందాకటి ముగ్గు సందు చుక్కలది. ఇంకో రకం ఉంది, సరి చుక్క. కొన్ని చోట్ల ఎదురు చుక్క అంటారు. ఇందులో చుక్క సందులోకి రాదు, చుక్కకు ఎదురుగా చుక్క వస్తుంది. రెండు చివరలా ఒక్కొక్కటి తగ్గుతుంది. "15 చుక్కలు, 1 వచ్చే వరకు, సరి చుక్క" అంటే మధ్య వరసలో 15, తర్వాత 13, తర్వాత 11, అలా పైకి ఒకటి దాకా, కిందికి ఒకటి దాకా. చుక్కలన్నీ కూడితే 113. ఇది 64, 49 ల మొత్తం. 64 అంటే ఎనిమిది ఎనిమిదుల చదరం. 49 అంటే ఏడు ఏళ్ల చదరం. చిన్నవాటిలో చూసినా అంతే. 3 చుక్కల ముగ్గులో 5 చుక్కలు, అంటే 4, 1. 5 చుక్కల ముగ్గులో 13, అంటే 9, 4. ప్రతిసారీ పక్కపక్కనున్న రెండు చదరాలే.

చింతపిక్కల లెక్క గుర్తుంటే కూడికతో దీన్ని తేల్చెయ్యవచ్చు. నేను అడిగేది కూడిక కాదు. ఆ రెండు చదరాలూ ముగ్గులో ఎక్కడున్నాయి? 113 చుక్కల్లో ఏ చుక్కలు పెద్ద చదరానివి, ఏవి చిన్న చదరానివి? రెండు రంగుల ముగ్గుపిండి తీసుకుని చుక్కలు పెట్టి చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే కనబడకపోతే, ఒక మూలకు జరిగి ఏటవాలుగా చూడండి.

దొరికితే మాత్రం పక్కింటివాళ్లకు జవాబు చెప్పకండి. చుక్కలు పెట్టి ఇవ్వండి.